జాబితాలో లేని ఫ్రీలాన్సర్ల పన్ను గురించి కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ఫ్రీలాన్స్ అనువాదకుణ్ణి. పని చేసి బిల్లు పంపుతాను, టీడీఎస్ (డబ్బిచ్చేవారు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పోగా మిగిలింది ఖాతాలో పడుతుంది. పన్ను కట్టడానికి నాకు పేచీ లేదు. ఒకే సంపాదన ఉన్న ఇద్దరికి రెండు లెక్కలు ఎందుకన్నదే నా ప్రశ్న.

1961 ఆదాయపు పన్ను చట్టంలోకి 2016 బడ్జెట్ సెక్షన్ 44ఏడీఏ తెచ్చింది; 2026 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. చిన్న ప్రాక్టీసు ఉన్న వృత్తి నిపుణులు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే. బిల్లులు దాచక్కర్లేదు, పద్దులు రాయక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షలు. నిజంగా మంచి ఏర్పాటు. కాకపోతే అది ప్రభుత్వ జాబితాలో ఉన్న కొన్ని వృత్తులకే: లాయర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఇంటీరియర్ డెకొరేటర్లు, ఆపైన నోటిఫికేషన్లతో చేరిన ఐటీ, కంపెనీ సెక్రటరీలు, సినిమా కళాకారులు వంటివారు. ఆ సినిమా కోటాలో మాటల రచయిత, పాటల రచయిత కూడా ఉన్నారు. సినిమాకు మాటలు రాస్తే వృత్తి నిపుణుడు, నవలను అనువదిస్తే కాదు!

అంకెల్లో చెబుతాను. ఒక యాప్‌కు కోడ్ రాసేవారికి, అదే యాప్‌ను తెలుగులోకి తెచ్చేవారికి ఏడాదికి చెరో 20 లక్షలు వచ్చాయనుకుందాం. ఇద్దరూ ఇంట్లోనే పని చేస్తారు, ఇద్దరి ఖర్చూ కంప్యూటరు, ఇంటర్నెట్టు, కరెంటే. కోడ్ రాసేవారు 10 లక్షలు ఆదాయంగా చూపిస్తారు. 2025-26 కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి కట్టాల్సింది సున్నా. అనువాదకులు మాత్రం ప్రతి ఖర్చుకూ బిల్లు చూపాలి. 3 లక్షలకు చూపించగలిగారనుకున్నా ఆదాయం 17 లక్షలు తేలుతుంది, సెస్సుతో కలిపి పన్ను 1,45,600 రూపాయలు.

ఆ 3 లక్షలు చూపడమూ తేలిక కాదు. ఇంటి కరెంటు బిల్లులో పనికి ఎంత, ఫ్యానుకు ఎంత అని అధికారి అడిగితే ఏం చెబుతాం? లక్ష రూపాయల ల్యాప్‌టాప్ డిసెంబరులో కొంటే ఆ ఏడాది తరుగుదల (వస్తువు పాతబడినందుకు ఖర్చుగా చూపనిచ్చే మొత్తం) 20 వేలే. రేటు 40 శాతం అయినా, 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే ఇస్తారు మరి. ఈ తలనొప్పి పడలేక కొందరు తమ పనిని వ్యాపారంగా చూపి, చిన్న వ్యాపారాలకు ఇలాంటి అంచనా లెక్కే ఇచ్చే సెక్షన్ 44ఏడీ కింద రిటర్ను వేస్తున్నారు. రేపు నోటీసొస్తే మాది వృత్తో వ్యాపారమో తేల్చేదెవరు? టీడీఎస్ దగ్గర ఈ సందేహం రాదు. నా బిల్లుల్లో చాలావాటికి వృత్తి నిపుణుడి లెక్కనే 10 శాతం కోస్తారు. కోసేటప్పుడు నిపుణుణ్ణి, సగం వదిలేటప్పుడు కాదు.

జాబితా ఎత్తేస్తే దుర్వినియోగం అవుతుందని మీ శాఖవారు అనవచ్చు. 75 లక్షల పరిమితి ఎలాగూ ఉంది, అదీ దాదాపు అంతా డిజిటల్‌గా వచ్చిన డబ్బుకే. మా రాబడిలో చాలా భాగం టీడీఎస్‌తోనే మీ శాఖ రికార్డుల్లో మీకు కనిపిస్తూనే ఉంటుంది. దాచుకునే వీలు ఉన్నవాళ్లం కాదు.

మరో మాట. కొత్త విధానంలో ఉద్యోగికి యజమాని కట్టే ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) వాటాకు జీతంలో 14 శాతం వరకు మినహాయింపు ఉంది, కంపెనీ కట్టే ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఉద్యోగికి పన్ను లేదు. ఎన్‌పీఎస్‌లో మా అంతట మేము కట్టుకుంటే కొత్త విధానంలో పైసా తగ్గదు, ఆరోగ్య బీమాకూ అంతే. ముసలితనం, జబ్బు ఉద్యోగులకే వస్తాయా? యజమాని లేనివారికి ఈ రెండింటికైనా సమానమైన మినహాయింపు ఇప్పించండి. పాత, కొత్త విధానాల్లో ఏది కావాలో ఉద్యోగి ఏటా ఎంచుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవారు పాతదానికి వెళ్లి వెనక్కి వస్తే మళ్లీ వెళ్లే దారి లేదు. సంపాదన ఏ ఏడు ఎలా ఉంటుందో తెలియనిది మాకేనని గమనించగలరు.

బీమా, పింఛను, విధానం మార్పు చట్ట సవరణలు, వాటికి సమయం పడుతుందని తెలుసు. జాబితాకు ఆ ఇబ్బంది లేదు. ఐటీని, సినిమా కళాకారులను చేర్చినట్టే అనువాదకులు, రచయితలు, ఎడిటర్లు, గ్రాఫిక్ డిజైనర్లు, బోధకులను ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక గెజిట్ నోటిఫికేషన్‌తో చేర్చవచ్చు. ముందుగా అది చేయించండి.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ అనువాదకుడు