లా నుసియా మైదానం నుంచి పెదనాన్నకు

అలికాంతే,
2022 మే 24

పెదనాన్నకీ పెద్దమ్మకీ నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. ఎండలు మొదలయ్యాయి కానీ మన దగ్గరిలా లేవు, సాయంత్రానికి సముద్రం మీంచి గాలి వస్తుంది. పెద్దమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయండి. ఈ వారం మీకు ఫోన్ చెయ్యకుండా ఉత్తరమే రాస్తున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది, పైగా మీరు ఒకటికి రెండుసార్లు చదువుకుని జవాబివ్వాల్సిన సంగతి ఒకటి చివర్లో ఉంది.

ఇక్కడికి దగ్గర్లో లా నుసియా అని చిన్న ఊరుంది. అలికాంతే నుంచి ట్రామెక్కితే సముద్రం పక్కనుంచే బెనిడోర్మ్ దాకా వెళ్ళొచ్చు. అక్కణ్ణుంచి బస్సులో కొండవైపు కాస్త ఎక్కితే ఆ ఊరు. చుట్టుపక్కల లోక్వాట్ తోటలు, ఇప్పుడే కాయలు కోస్తున్నారు. ఇరవై వేల జనాభా కూడా లేని ఆ ఊళ్ళో కామిలో కానో స్టేడియం అని అంతర్జాతీయ స్థాయి సింథటిక్ ట్రాక్ ఉంది. మొన్న శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఇబెరో అమెరికన్ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ జరిగింది అక్కడే. శనాదివారాలు నేను ఆ మైదానంలోనే ఉన్నాను. మీరు పక్కన లేరన్న బాధ తప్ప ఇంకేమీ లేదు.

ఇది స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల పోటీ. స్పెయిన్, పోర్చుగల్, మెక్సికో నుంచి అర్జెంటీనా వరకు లాటిన్ అమెరికా, బ్రెజిల్, క్యూబా, ఇవి సరే. ఆఫ్రికాలో అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్డె, గినీ బిసావు, ఈక్వటోరియల్ గినీ లాంటివి కూడా ఈ సంఘంలో ఉన్నాయి. కొండల మధ్యనున్న బుల్లి దేశం అండోరా కూడా ఉంది. 1960లో చిలీ రాజధాని శాంటియాగోలోనూ 1962లో మాడ్రిడ్‌లోనూ ఇబెరో అమెరికన్ క్రీడలని జరిపి ఆపేశారట. మళ్ళీ 1983లో బార్సిలోనాలో కొత్తగా మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి అనుకుని, అటూ ఇటూగా ఇప్పటిదాకా నడుపుతున్నారు. హవానా, మెక్సికో సిటీ, అమెజాన్ అడవి మధ్యనున్న మనౌస్, లిస్బన్, రియో, ఇలా ఊరు మారుతూ వస్తుంది. 2016లో రియో ఒలింపిక్స్‌కి ముందు అదే స్టేడియంలో ఈ పోటీ పెట్టి, ట్రాకూ ఏర్పాట్లూ సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించుకున్నారు. 2018లో పెరూలోని త్రుహీయో తర్వాత 2020లో జరగాల్సింది కరోనాతో ఆగిపోయింది. అంటే ఇది నాలుగేళ్ళ తర్వాత వచ్చిన పోటీ. నాలుగేళ్ళంటే ఒక స్ప్రింటరుకి ఎంత కాలమో, ఇన్నేళ్ళు బడిపిల్లలకి ఆటలు నేర్పిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ దేశాలన్నీ ఒక కుటుంబమని వీళ్ళు మురిసిపోతుంటే మొదట్లో నాకు మనసొప్పలేదు. ఆ భాషలు అక్కడికి ఎలా వెళ్ళాయో మీరే నాకు చరిత్ర పుస్తకం తెరిచి చెప్పారు. ఓడల్లో, కత్తులతో, బానిసలతో వెళ్ళాయి. అది మర్చిపోవాలని నేననను. కానీ 1958లో కార్డిఫ్‌లో మిల్ఖా సింగ్ 440 గజాల పరుగులో బంగారం గెలిచింది కూడా బ్రిటిషు వాళ్ళ పాత రాజ్యం కలిపిన పోటీలోనే కదా. ఆ కథ చెప్పినప్పుడల్లా మీ గొంతు వణికేది. దారి ఎవరు వేశారన్నది ఒక సంగతి, ఆ దారిలో ఇవాళ ఎవరు పరిగెడుతున్నారన్నది ఇంకో సంగతి.

ఆ చుట్టరికం ఇక్కడ ఆటలకే పరిమితం కాదు. స్పెయిన్ పౌరసత్వం అడగాలంటే మనలాంటి వాళ్ళం ఇక్కడ పదేళ్ళు ఉండాలి. పెరూ, కొలంబియా, బ్రెజిల్, పోర్చుగల్, ఈక్వటోరియల్ గినీ వాళ్ళకి రెండేళ్ళు చాలు. మా ఆఫీసులో పక్క సీటు పెరూ అమ్మాయి కాగితాలు చూసినప్పుడు నాకు ఈ తేడా అర్థమైంది. క్యూబాలో పుట్టిన పెద్రో పిచార్డో పోర్చుగల్ వెళ్ళి, నిరుడు టోక్యో ఒలింపిక్స్‌లో 17.98 మీటర్లు దూకి, ట్రిపుల్ జంప్‌లో, అంటే మన హాప్, స్టెప్, జంప్‌లో, బంగారం ఆ దేశానికి తెచ్చాడు. ఇంకో క్యూబా కుర్రాడు జోర్డాన్ దియాస్ ఈ మధ్యే స్పానిష్ పౌరుడయ్యాడు. అంతర్జాతీయ పోటీల్లో స్పెయిన్ జెర్సీ వేసుకోవడానికి ఇంకా ఆగాలి. ఒకప్పుడు కొడుకు ఒక జెండా కింద దూకుతుంటే చూసిన తల్లి, ఇప్పుడు ఇంకో జెండా కింద చూడాలి. గెలిచినవాణ్ణి చూసి నేనూ చప్పట్లు కొడతాను. క్యూబాలో వాడికి మొదట నేర్పిన మాస్టారు ఏమనుకుంటున్నాడో అని మాత్రం ఎప్పుడూ అనిపిస్తుంది.

ట్రిపుల్ జంప్ సంగతికి వచ్చేశాను కాబట్టి ఇక ఆగలేను. నిరుడు టోక్యోలో ఆడవాళ్ళ ఫైనల్ గుర్తుందా? వెనెజువెలా అమ్మాయి యూలిమర్ రోహాస్ 15.67 దూకి, 1995 నుంచి ఎవరూ కదపలేని 15.50 రికార్డుని చెరిపేసింది. రెండో స్థానం పోర్చుగల్ పత్రీసియా మమోనా, 15.01. మూడోది స్పెయిన్ అమ్మాయి ఆనా పెలెతేరో, 14.87. మూడు పతకాలూ ఈ కుటుంబానికే! రోహాస్, పెలెతేరో ఇద్దరూ మాడ్రిడ్ పక్కన గ్వాదలహారాలో ఒకే గురువు దగ్గర నేర్చుకుంటున్నారు. ఆయన ఇవాన్ పెద్రోసో, సిడ్నీ ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్ బంగారం గెలిచిన క్యూబా మనిషి. వెనెజువెలా శిష్యురాలు, స్పెయిన్ శిష్యురాలు, క్యూబా గురువు, ముగ్గురూ మాట్లాడుకునేది ఒకే భాష. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. మోకాలు ఇంకో రెండు వేళ్ళు పైకెత్తు అని చెప్పాలంటే అది ఎంత పెద్ద సౌకర్యమో ఆలోచించండి. ఈ మార్చిలో బెల్‌గ్రేడ్‌లో రోహాస్ ఇండోర్‌లో 15.74 దూకింది.

బ్రెజిల్‌కైతే ఈ ఆట తాతల ఆస్తి. అదెమార్ ఫెరీరా ద సిల్వా 1952లో, 1956లో వరసగా ఒలింపిక్ బంగారాలు తెచ్చాడు. తర్వాత నెల్సన్ ప్రుదెన్సియో 1968లో వెండి, 1972లో కంచు. 1975లో మెక్సికో సిటీలో జొవాఁవ్ కార్లోస్ దె ఒలివెయిరా 17.89 దూకితే ఆ ప్రపంచ రికార్డు పదేళ్ళు నిలిచింది. మీ పాత నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్న 17.89 ఆయనదే.

శనివారం ఇసుక గోతికి దగ్గర్లో కూర్చుని ఈ ట్రిపుల్ జంపే చూశాను. ఆడవాళ్ళకి కాలు మోపి దూకే బోర్డు గోతికి పదకొండు మీటర్ల దూరంలో, మగవాళ్ళకి పదమూడు. మీరు ఎప్పుడూ ఒకటే అరిచేవారు కదా, "హాప్ అందరూ బాగానే వేస్తారు, చివరి జంప్ భయంతోనైనా వేస్తారు, మధ్యలో స్టెప్ ఏదర్రా?" అని. ఇక్కడ కూడా అంతే పెదనాన్నా. మొదటి అడుగులో ఎక్కువ ఎగిరినవాళ్ళు రెండో అడుగులో నేలకి అతుక్కుపోతున్నారు. మధ్య అడుగు పొడుగ్గా, తొడ నేలకి సమానంగా పెట్టి ఒక్క క్షణం గాలిలో ఆగినట్టుండే వాళ్ళే ముందుకెళ్తున్నారు.

ఈ పోటీ కూడా ఆ మధ్య అడుగులాంటిదేనని నాకక్కడే తోచింది. పేరున్న వాళ్ళందరూ దీనికి రారు. రెండో వరస వాళ్ళ మీట్ అని ఇక్కడి వాళ్ళే కొందరు చులకనగా అంటారు. నేను ఒప్పుకోను. తన దేశంలో అందరినీ ఓడించిన కుర్రాడు సరాసరి ఒలింపిక్స్‌కి వెళ్తే, హీట్‌లో, అంటే మొదటి వడపోత పరుగులో, పది సెకన్లు కనబడి ఇంటికొస్తాడు. వాడికి ఫైనల్లో నిలబడటం నేర్పేదెవరు? పక్క లేన్లో పరాయి దేశం చొక్కా చూసి కాళ్ళు బిగుసుకోకుండా ఉండటం, పొద్దున హీటు పరిగెత్తి సాయంత్రం మళ్ళీ ఒళ్ళు వేడెక్కించుకోవడం, పోటీకి ముందు కూర్చోబెట్టే కాల్ రూములో తన మాట ఎవరికీ అర్థం కాని చోట కాకుండా నలుగురితో మాట్లాడుతూ కూర్చోవడం, ఇవన్నీ ఇక్కడ నేర్చుకుంటారు. ఒక హీట్‌లో అందరికంటే చాలా వెనక వచ్చిన కుర్రాడు ఒకడు, గీత దాటాక బోర్డు మీద తన టైము చూసుకుని రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఎగిరాడు. గెలిచినవాడు వెనక్కొచ్చి వాణ్ణి కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏదో చెప్పుకుంటూ నడుచుకుపోయారు.

లెక్క ప్రకారం చూసినా ఇది పనికొచ్చే పోటీ. ఇప్పుడు పెద్ద పోటీలకి అర్హత టైమింగు ఒక్కదానితోనే రాదు, ప్రపంచ ర్యాంకింగుతోనూ వస్తుంది. ర్యాంకింగు పాయింట్లలో ఎంత దూరం దూకావన్నదానికి కొన్ని, ఏ స్థాయి పోటీలో ఎన్నో స్థానం వచ్చిందన్నదానికి కొన్ని కలుపుతారు. అలాంటప్పుడు చిన్న దేశపు పిల్లకి ఇలాంటి చోట ఫైనల్లో స్థానం దొరికితే అదెంతో విలువ.

ఇప్పుడు మన సంగతి. ఆదివారం సాయంత్రం చివరి పోటీలు ముగిశాక బస్సు కోసం నిలబడి ఫోను చూస్తే, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఇంగ్లండ్‌లో లఫ్‌బరోలో 100 మీటర్ల హర్డిల్స్ 13.11 సెకన్లలో పరిగెత్తిందని వార్త! అక్కడే గట్టిగా అరిచేశాను, పక్కనున్న ముసలాయన ఏమైందని అడిగితే ఆయనకీ చెప్పాను. ఇరవై ఏళ్ళు నిలిచిన అనురాధా బిస్వాల్ 13.38ని ఈ నెల పదో తారీఖున సైప్రస్‌లో లిమసోల్‌లో 13.23తో చెరిపింది, రెండు వారాలు తిరక్కుండా తన రికార్డుని తానే చెరిపింది. ఏప్రిల్లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తినప్పుడు వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లుందని లెక్కలోకి తీసుకోలేదు. హద్దు 2.0. ఆ 0.1 గురించి మీరు నాకు ఫోనులో ఎంత సేపు చెప్పారో!

చూడండి, జ్యోతికి మధ్య అడుగు వేసుకోవడానికి సైప్రస్ వెళ్ళాలి, ఇంగ్లండ్ వెళ్ళాలి. ఆ అమ్మాయికి ఇప్పుడు పంపేవాళ్ళున్నారు. మీ దగ్గర ఎనిమిదో తరగతిలో ట్రిపుల్ జంప్ చేస్తున్న పిల్లకి ఎవరున్నారు? మండలం, జోను, జిల్లా, రాష్ట్రం వరకు స్కూలు మీట్‌లున్నాయి. అక్కణ్ణుంచి జాతీయ పోటీకి వెళ్తే ఒక్కసారిగా హర్యానా, కేరళ, తమిళనాడు పిల్లల్ని చూసి బెదిరిపోయి వస్తారు. అది మీరే చెప్పారు. 2014లో గోవాలో పోర్చుగీసు మాట్లాడే దేశాల క్రీడలు జరిగాయి, గోవా జట్టు కూడా ఆడింది. భాష పేరుతో పోటీ పెట్టుకోవడం మన దేశానికీ కొత్త కాదన్నమాట.

అందుకే అడుగుతున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలకీ, బరంపురం, బళ్ళారి, హోసూరు వైపు తెలుగు పిల్లలకీ కలిపి ఏటా ఒక్క మీట్ పెట్టించలేరా? పెద్ద హంగులక్కర్లేదు. ఒక సింథటిక్ ట్రాక్, గాలి కొలిచే పరికరం, నమ్మకమైన టైమింగు, రెండు రోజులు పడుకోవడానికి హాస్టలు గదులు. మీ బ్యాచ్ పీఈటీలు తెలంగాణలో కూడా ఎంతోమంది ఉన్నారు కదా, హన్మకొండలో ఒకాయన మీకు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. రిటైరయ్యాను, నా మాట ఎవరు వింటారు అనకండి. మీ దగ్గర పరిగెత్తిన వాళ్ళు ఇవాళ పోలీసుల్లో, రైల్వేలో, బడుల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మొదటి ఏడాది పతకాలకీ బహుమతులకీ అయ్యే ఖర్చు నేనూ అన్నయ్యా పెట్టుకుంటాం. అన్నయ్యతో మాట్లాడాను, సరేనన్నాడు. ముందు నలుగురు మాస్టార్లని కూర్చోబెట్టి, ఏ నెలైతే పరీక్షలు అడ్డం రావో తేల్చండి.

ఇంకొకటి. మీ దగ్గర ట్రిపుల్ జంప్ చేస్తున్న ఆ ఎనిమిదో తరగతి పిల్ల పాదం కొలత సెంటీమీటర్లలో పంపండి, రెండు పాదాలవీ. సాయంత్రం పూట, మేజోళ్ళు వేసుకుని కొలవమనండి. ట్రిపుల్ జంప్ స్పైక్స్‌కి, అంటే మేకుల బూట్లకి, మడమ దగ్గర మెత్త ఎక్కువుంటుంది, లాంగ్ జంప్ వాటితో చేస్తే మడమ చితికిపోతుంది. ఆ పిల్ల మడమ నొప్పి అందని మీరు పోయిన నెల అన్నారు, కారణం అదేనేమో చూడండి. మన మట్టి రన్‌వేకి ఎంత పొడుగు మేకులు కావాలో కూడా రాయండి. ఆగస్టులో ఇక్కణ్ణుంచి ఒకాయన విజయనగరం వస్తున్నారు, ఆయన చేతికిచ్చి పంపుతాను. పెద్దమ్మకి ఆలివ్ నూనె కూడా పెడతాను, మోకాళ్ళకి రాసుకోవడానికి కాదు, పప్పులో వేసుకోవడానికని చెప్పండి.

జవాబు కోసం చూస్తుంటాను.

మీ
బుజ్జి