చేప చచ్చిపోతే దిష్టి పోయినట్టు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో వాస్తు కాలమ్‌లో ఇంట్లో అక్వేరియం ఎక్కడ పెట్టాలో రాశారు, ఈశాన్యం అన్నారు, ఎనిమిది ఎర్ర చేపలు ఒక నల్ల చేప ఉంటే డబ్బు నిలుస్తుందన్నారు, అక్కడిదాకా నాకు పేచీ లేదు, ఎవరి నమ్మకం వాళ్లది. (ఆ ఎనిమిది, ఒకటి లెక్క మన వాస్తుది కూడా కాదు, చైనా వాళ్ల ఫెంగ్‌షూయిది, అది వేరే గొడవ.) కానీ చివర్లో ఒక మాటన్నారు చూడండి, చేప చచ్చిపోతే కంగారు పడొద్దు, ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయింది, వెంటనే ఇంకోటి తెచ్చి వెయ్యండి అని. నా ఉత్తరం ఆ మాట గురించే. ఎందుకంటే అది నమ్మినవాళ్లు చేప ఎందుకు చచ్చిపోయిందని ఎప్పటికీ అడగరు, చేపలు కొంటూనే ఉంటారు.

ఎక్కడ చూసినా ఇదే వరస. గృహప్రవేశానికి ఎవరో అక్వేరియం గిఫ్ట్ ఇస్తారు, లేదా పిల్లాడు ఎగ్జిబిషన్‌లో చూసి ఏడ్చి కొనిపించుకుంటాడు. షాపువాడు ట్యాంకు, నీలం రంగు రాళ్లు, బుడగలొచ్చే బొమ్మ, చేపలు అన్నీ ఒకే రోజు ఒకే ఆటోలో పంపించేస్తాడు, సాయంత్రానికి నీళ్లు పోసి లైటేసి చేపల్ని వదిలేస్తారు. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది. రెండో వారం అటూ ఇటుగా ఒక చేప రెక్కలు ముడుచుకుని పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, మొప్పలు ఎర్రగా కనపడతాయి, పిల్లలేమో ఆకలేస్తోంది కాబోలు అనుకుని ఇంకో చిటికెడు మేత వేస్తారు. తెల్లారేసరికి పొట్ట పైకి పెట్టి తేలుతుంది. ఇంట్లో పెద్దావిడ వచ్చి దిష్టి పోయిందిలే అంటుంది.

అసలు జరిగేది వేరే. చేప మొప్పల్లోంచి, రెట్టల్లోంచి, తినకుండా అడుక్కి పోయి కుళ్లిన మేతలోంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. దానికి రంగుండదు, చేపని చంపేంత చేరినా మన ముక్కుకి తెలీదు, నీళ్లు తళతళలాడుతూనే ఉంటాయి. ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటుంది, నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మొయ్యలేకుండా చేస్తుంది, దాన్ని మళ్లీ ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది, నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజికి, అడుగు రాళ్లకి పట్టుకుని ఉంటుంది. కొత్త ట్యాంకులో అది దాదాపు ఉండదు, సరిపడా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు పోయేది సరిగ్గా ఈ గ్యాప్‌లోనే. మీ కాలమ్‌లో చెప్పినట్టు వెంటనే ఇంకోటి తెచ్చి వేస్తే అది కూడా ఆ నీళ్లలోకే దిగుతుంది కదా!

మన రాష్ట్రంలో ఉండి ఇది తెలియకపోవడమే నాకు ఆశ్చర్యం. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మనది. భీమవరం, కైకలూరు వైపు ఏ చెరువు రైతుని కదిపినా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) ఎంత, అమ్మోనియా ఎంత అనే మాట్లాడతారు, తెల్లారుజామున చేప పైకి తేలిందంటే లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తి ఏరియేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్) ఆన్ చేస్తారు, దిష్టి పోయిందని కూర్చోరు. అన్నయ్య ఊళ్లో చెరువు నీళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తుంటాడు, విజయవాడ ఫ్లాట్‌లో తమ్ముడు మాత్రం గాజు బౌల్‌లో రెండు గోల్డ్ ఫిష్ వేసి ఇవి ఎక్కువ రోజులు బతకవులే అంటాడు. గోల్డ్ ఫిష్ సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుందండీ.

కొత్తగా పెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ట్యాంకు ఇవాళ కొనండి, చేపలు నెల తర్వాత కొనండి. నీళ్లు పోసి ఫిల్టర్ ఆన్ చేసి ఖాళీ ట్యాంకులోనే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే అది కుళ్లి అమ్మోనియా పుట్టి దాని వెనకే బ్యాక్టీరియా పెరుగుతుంది. మధ్యలో నీళ్లు పాలలాగా తెల్లబడితే భయపడి పారబొయ్యకండి, కొన్ని రోజుల్లో అదే తేరుకుంటుంది. అంత ఓపిక లేకపోతే దగ్గరదారి ఒకటుంది, పెరుగుకి తోడు అడిగి తెచ్చుకున్నట్టే, ఎవరింట్లోనైనా చాన్నాళ్లుగా జబ్బులేం లేకుండా నడుస్తున్న ట్యాంకుంటే వాళ్ల ఫిల్టర్‌లో మురికి స్పాంజి ముక్క అడిగి, ఆ ట్యాంకు నీళ్లలోనే తడారకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి. అప్పుడు కూడా చేపలన్నీ ఒకేసారి వెయ్యొద్దు, రెండు మూడు వేసి, డ్రాప్స్ వేసి రంగు చూసే టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని చూసుకున్నాకే మిగతావి.

ఇక ఆదివారం అక్వేరియం కడిగే కార్యక్రమం. చేపల్ని బకెట్లోకి తీస్తారు, నీళ్లన్నీ పారబోస్తారు, రాళ్లని ఉప్పేసి రుద్దుతారు, స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండుతారు, కొందరైతే గిన్నెల సబ్బు కూడా వాడతారు. సాయంత్రానికి ట్యాంకు మెరిసిపోతూ ఉంటుంది, బ్యాక్టీరియా మొత్తం డ్రైనేజీలో ఉంటుంది, అంటే మళ్లీ మొదటి రోజుకి వచ్చేశారన్నమాట. చెయ్యాల్సింది ఇంతే, వారానికోసారి పావు వంతు నీళ్లు పైపుతో అడుగు మురికితో సహా లాగేసి, ఆ తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండాలి. చాయ్ రంగు మడ్డి వస్తుంది, రానివ్వండి. స్పాంజి అంతకంటే తెల్లగా అవ్వక్కర్లేదు.

పోసే నీళ్ల సంగతి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలకీ బ్యాక్టీరియాకీ రెండిటికీ పడదు, బకెట్లో ఒక రాత్రంతా ఉంచితే పోతుంది, లేదా షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు వెయ్యండి, చవకే. మనం తాగేవే కదా అని కొందరు ఆర్‌వో నీళ్లు పోస్తారు, వాటిలో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు, చేపకి అవి మంచివి కావు. బోరు నీళ్లు హార్డ్ వాటర్ అని భయపడతారు గానీ గప్పీలకి, మోలీలకి, ప్లాటీలకి అలాంటి నీళ్లే నచ్చుతాయి, మన ఊళ్లల్లో కొత్తవాళ్లు వాటితో మొదలుపెట్టడమే తెలివైన పని. కాకపోతే ఒకటి గుర్తుంచుకోవాలి, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా ఉండే వాటా దాదాపు పదింతలవుతుంది. అందుకే బోరు నీళ్ల ఇళ్లల్లో మేత ఎక్కువైతే దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది.

మేత రోజుకి ఒకసారి చాలు, రెండు నిమిషాల్లో తినేసేంత. చేపకి ఆకలేస్తుందని ఊరెళ్తూ తాళం పక్కింటివాళ్లకి ఇచ్చి వెళ్లకండి బాబూ, వాళ్లు ప్రేమ కొద్దీ డబ్బా బోర్లిస్తారు. పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకపోయినా హాయిగా ఉంటాయి. బిస్కెట్లు, అన్నం మెతుకులు అసలొద్దు.

ఎన్ని చేపలు వెయ్యాలంటే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో నిండా పోస్తే సుమారు 56 లీటర్లు పడతాయి, రాళ్లు పోను 50 లోపే. ఎనిమిదో పదో గప్పీలకి సరిపోతుంది. మీ కాలమ్‌లో చెప్పిన ఆ తొమ్మిది చేపలూ గోల్డ్ ఫిష్ అయితే ఏ మూలకీ చాలదు, అవి విపరీతంగా తిని విపరీతంగా రెట్టలేసే జాతి. ఫైటర్ చేప గాలి పీల్చగలదని దాన్ని గ్లాసులో పెట్టి అమ్ముతారు, గాలి పీల్చే మాట నిజమే గానీ అమ్మోనియా దానికి కూడా విషమే.

ఎండాకాలం మనకి ప్రత్యేకమైన బాధ. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది, ఆ సమయంలోనే కరెంటు పోతుంది, ఫిల్టర్ ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, మూత తీసి నీళ్ల మీదికి ఫ్యాన్ తిప్పినా కాస్త చల్లబడతాయి. ఈశాన్యంలో కిటికీ ఉంటే పొద్దున్నే ఎండ నేరుగా ట్యాంకు మీద పడి నాచు పడుతుంది, కర్టెన్ వెయ్యాలి. ఇది వాస్తు కాలమ్‌లో రాయలేదు మరి.

ఇంకో సంగతి, ఇది ఇంటి గొడవ కూడా కాదు. అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ ఫిష్ ఒకటి అంటగడతారు, వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, అది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు పట్టదు, చంపడానికి మనసొప్పదు, పుణ్యమని తీసుకెళ్లి ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికా చేప అది, ఒంటి నిండా గట్టి పెంకు, ముళ్లు, వలలో పడితే వల చింపేస్తుంది, తినడానికి ఎవరూ కొనరు, జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తూర్పు కనుమల్లోని నీళ్లలో కూడా హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు డీఎన్ఏ పరీక్షతో దాని జాడ పట్టుకున్నారు. వద్దనుకున్న చేపని షాపుకి తిరిగివ్వండి, ఇంకో పెంపకందారుకివ్వండి, కాలువలో మాత్రం వెయ్యకండి.

వాస్తు కాలమ్ ఆపెయ్యమని నేను అడగట్లేదు, అడిగినా మీరు ఆపరు. దాని పక్కన ఒక్క ఆదివారం నీళ్ల గురించి రాయించండి. పెనమలూరులో మంచినీటి చేపల మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది, ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, అడిగితే వాళ్లు నాకంటే బాగా, తక్కువ మాటల్లో రాస్తారు. మార్చి లోపల వేస్తే ఎండలు ముదిరే ముందే జనం పంపు కొనుక్కుంటారు.

ఇట్లు
ఒక పాఠకురాలు, విజయవాడ