ఇంటి పర్మిషన్ దగ్గరే చెట్టు సంగతీ తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీలో పాత ఇళ్లు, ఖాళీ ప్లాట్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. అందులో నాకేం అభ్యంతరం లేదు, ఎవరి అవసరాలు వాళ్లవి. కానీ ప్రతిచోటా వరస ఒకటే. శనివారం రాత్రో, పండగ సెలవు రోజునో రంపపు మిషన్ మోగుతుంది, తెల్లారేసరికి కొమ్మలు రోడ్డు మీద ఉంటాయి, దుంగలు డీసీఎం ఎక్కి వెళ్లిపోతాయి, మొదలు మీద ఇసుక కుప్ప పోసేస్తారు. అడిగితే "మా స్థలం, మా చెట్టు, మధ్యలో మీకేంటండీ" అంటారు.

నిజం చెప్పాలంటే చాలామందికి ఇది తప్పని కూడా తెలియదు. వాల్టా చట్టం అనగానే బోర్లు, ఇసుక గుర్తొస్తాయి తప్ప చెట్లు గుర్తు రావు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆ చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నాయి, రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా కొనసాగుతోంది. సొంత పెరట్లోని చెట్టయినా సరే, కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. అది న్యాయమే, రైతు పంటగా వేసుకున్నదాన్ని కొట్టుకోవడానికి ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరగాలి? కానీ ఇళ్ల మధ్య ఉండే వేప, రావి, మర్రి, చింత ఆ కోవలోకి రావు.

మరి చట్టం ఉండగా చెట్లు ఎందుకు పోతున్నాయంటే, నాకు తోచేది ఒక్కటే. చట్టం అడిగినవాణ్ణి పట్టుకుంటోంది, అడగనివాణ్ణి వదిలేస్తోంది. మా వీధిలో ఒక పెద్దాయన ఇంట్లో చెట్టు ప్రహరీ మీదికి ఒరిగిపోయింది, గాలివానకు పక్కింటి రేకుల మీద పడుతుందని టెన్షన్. పద్ధతిగా దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒకరోజు సారు లేరు, ఒకరోజు ఫొటోలు సరిపోలేదు, ఇంకోరోజు చూడ్డానికి వస్తామన్నవాళ్లు రాలేదు. చివరికి తెలిసినవాళ్లే "ఎందుకండీ ఈ గోల, ఆదివారం పొద్దున్నే కొట్టించేయండి, ఎవడొస్తాడు" అని సలహా ఇచ్చారు. ఆయన పాపం వినలేదు, కొమ్మలు నరికించి, మానుకు తాడు కట్టించుకుని ఇప్పటికీ ఎదురుచూస్తున్నాడు. అదే వీధి చివర ప్లాటులో అడగకుండా కొట్టినవాళ్లకు మూడో అంతస్తు స్లాబు కూడా పడింది.

ఫిర్యాదు చేస్తే పని జరగదని కాదు. 2021 ఫిబ్రవరిలో సైదాబాద్‌లో ఇల్లు కట్టడానికి నలభై ఏళ్లు దాటిన వేప చెట్టును కొట్టేస్తే, ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లాడు అటవీ శాఖకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి చూసి 62,075 రూపాయలు జరిమానా వేశారు. ఆ అబ్బాయికి నిజంగా దండం పెట్టాలి. కానీ మామూలు ఇంటివాళ్లకు అది పెద్ద దెబ్బే గానీ అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లకు ఒక లెక్కా? కారు పార్కింగ్ పేరుతో ఒక్క ఫ్లాటు వాళ్ల దగ్గర వసూలు చేసేదే అంతకంటే ఎక్కువ ఉంటుంది. సిమెంటు, ఇనుము, చెట్టు ఫైను అని ముందే ఖర్చు రాసుకుంటారు.

సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఈ సంగతే కొంచెం గట్టిగా చెప్పింది. మథుర-బృందావనం దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టేస్తే, చెట్టుకు లక్ష రూపాయల చొప్పున కట్టమంది, తగ్గించమని వేడుకున్నా వినలేదు. అది తాజ్‌మహల్ చుట్టూ ఉన్న ప్రత్యేక పరిధి, నిబంధనలు వేరు, ఒప్పుకుంటాను. కానీ సొంత స్థలం అన్న మాట అక్కడ చెల్లలేదు కదా.

మన దగ్గర ఇంకో విచిత్రం ఉంది. తెలంగాణలో ఇళ్ల పర్మిషన్లను ఆన్‌లైన్‌లోకి తెచ్చిన బీపాస్ చట్టం పుణ్యమా అని 75 గజాల లోపు ఇంటికి అసలు పర్మిషనే అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 600 గజాల దాకా ఓనరు సొంత ధ్రువీకరణ మీద వెంటనే పర్మిషన్ వచ్చేస్తుంది. మంచి పద్ధతే, లంచాల బెడద కొంత తగ్గింది. కానీ ఇల్లు ఒక వెబ్‌సైటులో, చెట్టు ఇంకో శాఖ దగ్గర. నేను చూసిన ప్లాన్లలో మెట్లు, లిఫ్టు, సంపు, సెప్టిక్ ట్యాంకు అన్నీ ఉంటాయి, స్థలంలో అప్పటికే నిలబడి ఉన్న చెట్టు ఒక్కటే ఉండదు. కాగితం మీద లేని చెట్టును కొట్టారని తర్వాత ఎవరు రుజువు చేస్తారు?

ఎండిపోయింది కాబట్టి కొట్టాం అనేది మరో సాకు. 2021 చివర్లో రెండు రాష్ట్రాల్లోనూ వేప చెట్లు చిగుళ్ల నుంచి మాడిపోయాయి, గుర్తుండే ఉంటుంది. అది డైబ్యాక్ అనే శిలీంధ్రపు తెగులు, చెట్టు చచ్చినట్టు కాదు, మళ్లీ చిగురిస్తుంది, కార్బెండజిమ్ మందు వాడండి అని వ్యవసాయ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చెప్పారు. మా ఇంటి వెనక వేప అలాగే ఎండి మళ్లీ పచ్చబడింది. రెండిళ్ల అవతల ఓపిక పట్టలేదు, మొదలంటా కొట్టేశారు. ఇక కావాలని ఎండబెట్టేవాళ్లు వేరే. మాను చుట్టూ జానెడు వెడల్పున బెరడు చెక్కేసి, రెండు మూడు చోట్ల డ్రిల్లుతో బెజ్జాలు పెట్టి యాసిడ్ పోస్తారు. ఆకులన్నీ రాలాక "చచ్చిన చెట్టండీ, మీద పడుతుంది" అంటారు. దీన్ని కూడా కొట్టినట్టే లెక్క వేయాలి.

కాబట్టి ప్రభుత్వాన్ని కోరేది పెద్దదేం కాదు. ఇంటి దరఖాస్తులోనే స్థలంలోని చెట్ల ఫొటోలు, చుట్టుకొలత పెట్టమనండి. కొట్టక తప్పదంటే అక్కడే అనుమతి అడిగే వీలు కల్పించండి, ఇన్ని రోజుల్లో చెప్పి తీరాలని అధికారికి కూడా గడువు పెట్టి దాన్ని అమలు చేయండి. పడిపోయేలా ఉన్న చెట్టయితే రెండు మూడు రోజుల్లో వచ్చి చూడాలి. చెప్పకుండా కొట్టేస్తే జరిమానా చెట్టు వయసును బట్టే కాదు, కట్టే బిల్డింగును బట్టి కూడా ఉండాలి, ఆ జరిమానా కట్టి, బదులు మొక్కలు నాటి చూపించేదాకా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టిన బిల్డింగులో ఉండొచ్చని ఇచ్చే కాగితం, ఆపాలి. కరెంటు, నీళ్ల కనెక్షన్ల దగ్గర అవసరమయ్యే కాగితం అదే కాబట్టి బిల్డర్లు దానికైతే భయపడతారు.

ఇట్లు,
ఒక కాలనీవాసి,
హైదరాబాద్