మే నెలలో క్యాన్లు ఎందుకు లేటయ్యాయంటే

అందరికీ నమస్కారం. మే నెలలో మూడు వారాలు మీ ఇళ్ళకి నీళ్ళ క్యాన్లు వేళకి రాలేదు, కొన్ని రోజులు అసలే రాలేదు. ఫోన్ చేసినవాళ్ళకి "బండి రిపేరండీ" అని చెప్పి ఊరుకున్నాను. అది సగం సంగతే.

పోయిన సెప్టెంబరులో డీజిలు ట్రాలీ ఆటో షెడ్లో పెట్టేసి కరెంటు ఆటో కొన్నాను. పక్క వీధి నీళ్ళ ప్లాంటాయన "బొమ్మ బండి కొన్నావేంటయ్యా" అని టీకొట్టు దగ్గర నలుగురిలో నవ్వాడు. నేను లెక్క చూసుకునే కొన్నానండీ. డీజిలు బండి రోజుకి మూడు లీటర్లు తాగేది, అంటే దగ్గర దగ్గర మూడు వందలు. దీనికి రాత్రి చార్జింగ్ పెడితే తొమ్మిది యూనిట్లు, కమర్షియల్ మీటరు మీదైనా వంద దాటలేదు. ఇంజనాయిలు లేదు, క్లచ్చు ప్లేట్లు లేవు, పొద్దున్నే ఐదింటికి కృష్ణలంక సందుల్లో తిరిగినా ఎవరికీ నిద్రాభంగం లేదు. ఎనిమిది నెలలు ఒక్క రోజు కూడా ఆగలేదు.

అప్పుడు కంట్రోలరు పోయింది. బ్యాటరీ బాగుంది, మోటారు బాగుంది, రెండింటి మధ్యా ఉండి మోటారుకి కరెంటు అందించే ఆ డబ్బా పోయింది. సర్వీసు వాళ్ళు నాలుగు రోజులన్నారు. నాలుగు రోజులయ్యాక "దారిలో ఉంది సార్" అన్నారు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశారు, నేనే వెళ్ళి కూర్చుంటే టీ ఇప్పించారు. బయట విప్పిద్దామంటే వారంటీ పోతుందట. ఏ బండికి ఏ పార్టు కావాలన్నా సాయంత్రానికి దొరికే ఆటోనగర్ ఉన్న విజయవాడలో నా బండి 23 రోజులు కదలకుండా పడుంది! అద్దె ఆటోలకి పోసిన డబ్బు కంటే ఆ టీకొట్టు ముందు నుంచి నడిచి వెళ్ళడమే నాకు ఎక్కువ కష్టమైంది.

ఇంకో సంగతి కూడా దాచాను. గుణదల, మొగల్రాజపురం కొండ వీధులకి ఈ బండి మొదటి నుంచీ ఇబ్బందే. 25 క్యాన్లంటే నీళ్ళ బరువే 500 కిలోలు. ఒక్క చార్జింగ్‌తో 120 కిలోమీటర్లని అమ్మేటప్పుడు చెప్పారు, మన లోడుకి 80 రావడమే గొప్ప, ఎత్తు ఎక్కితే అదీ రాదు. నవ్వినాయన ముందు ఒప్పుకోలేక కొండ వైపు 12 క్యాన్ల చొప్పున రెండు ట్రిప్పులు తిప్పాను. మీకు ఎనిమిదింటికి రావాల్సినవి పదిన్నరకి వచ్చింది అందుకే.

అమ్మేద్దామా అని చాలా రాత్రులు ఆలోచించాను. మా ఆవిడ అమ్మేయమనే అంది. అమ్మను. కిస్తీలు ఉన్నాయని కాదు, చదును రోడ్డు మీద దీన్ని మించింది లేదు కాబట్టి. పాత డీజిలు బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాను, సోమవారం నుంచి కొండ వీధులకి అదే వస్తుంది, మిగతా రూట్లన్నీ కరెంటు బండివే. ఏది ఆగినా రెండోది ఉంటుంది. క్యాను ధర పెంచడం లేదు.

ఈ మూడు వారాల్లో వేరే ప్లాంటుకి మారినవాళ్ళని నేనేమీ అనను, నీళ్ళు లేకుండా ఎవరుంటారు. నా ఖాళీ క్యాన్లు 11 మాత్రం మీ ఇళ్ళలో ఉన్నాయి, డిపాజిట్ తీసుకుని తిరిగిచ్చేయండి.