పది గంటలు కనబడ్డాయి, నలభై ఎనిమిది కనబడలేదా?

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌ని. 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. వారం తిరక్కుండానే మా పంచింగ్ మిషన్ పక్కనున్న కాగితం మీద 9ని పెన్నుతో కొట్టేసి 10 వేశారు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని అదే జీవోలో ఉంది. ఆ ముక్క మాత్రం గోడెక్కలేదు. ఆరు రోజులు, రోజుకు పది... లెక్క చిన్నపిల్లలకూ వస్తుంది. అసలు తమాషా ఏందంటే, ఆ జీవోలో వాణిజ్య సంస్థల లెక్కలోంచి దుకాణాలను తీసేశారు, అంటే మాకు వర్తించనే వర్తించదు!

అదే ఏడాది నవంబర్ 21న కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పనిచేసే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలట. అడిగితే మా సేటు "ఇంకా రూల్స్ రాలే, ఆగు" అన్నాడు. గంటలు పెంచేటప్పుడు ఏ రూల్స్ కోసం ఆగిండో తెలియదు. పదకొండేళ్ల నుంచి చేస్తున్నా, నా పేరున్న కాగితం ఒక్కటీ లేదు.

కార్మిక శాఖ అధికారులు పొద్దున పదింటికి వస్తే రిజిస్టరే కనిపిస్తుంది. పండగ సీజన్‌లో ఒక్కసారి రాత్రి పదింటికి చౌరస్తాకు రావాలని మనవి.

– ఒక సేల్స్‌మన్, హన్మకొండ