తుక్కు ఇనుముకు సెల్ఫ్ స్టార్ట్‌తో ఏం పని?

సంపాదకులకు నమస్కారం.

చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అక్కడ తుక్కు అమ్మితే లారీ ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కాటా ఎక్కాల్సిందే. డబ్బు మాట ఆ తర్వాతే. సొంత కారును తుక్కుకు ఇవ్వబోతే ఆ పద్ధతి ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా ఆల్టో 2007 నాటిది, ఏపీ 29 నంబరు. 15 ఏళ్లు నిండాయని 2022లో రిజిస్ట్రేషన్ పొడిగించాను. 600 రూపాయల ఫీజు ఆ ఏప్రిల్ నుంచే 5,000 అయింది, నా అదృష్టం! ఆ తర్వాత బండి రెండేళ్లు కూడా సరిగ్గా తిరగలేదు. ముందు ఫ్యూయల్ పంపు పోయింది, తర్వాత ఎలుకలు వైరింగ్ కొరికేశాయి. మెకానిక్ 19 వేలు చెప్పేసరికి ఆశ వదులుకుని, బ్యాటరీ తీసి అమ్మేశాం. ఏడాదిగా సెల్లార్లో పడి ఉంది. బానెట్ కింద పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది. చివరికి అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు జాగా ఖాళీ చేయమన్నారు.

మొదట వచ్చిన కబాడీ అతను 12 వేలు నగదు ఇస్తానన్నాడు, కాగితం మాత్రం లేదు. ఆర్సీ సంగతి అడిగితే, “బండి చాలూనే అయితలేదు గదా సార్, ఆర్సీ ఏం జేస్కుంటరు?” అన్నాడు. చేసుకునేదే ఉంది. బండి శాశ్వతంగా పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఆర్సీ రద్దయ్యేదాకా రికార్డుల్లో అది నా కారే. ఆ నంబరు ప్లేటు రేపు ఏ బండికి ఎక్కుతుందో, ఎవరి చలానా నా ఫోనుకు వస్తుందో!

అందుకని ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఫోన్ చేశాను. కారు స్టార్ట్ కాదని, బ్యాటరీ లేదని మొదటి మాటగానే చెప్పాను. 21 వేలు అన్నారు. ఆర్సీ మీద తీరిపోయిన లోను తాలూకు హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) అలాగే ఉందన్నారు. బాకీ లేదనే ఎన్‌ఓసీకి, ఆ నమోదు తీయించే ఫారం 35కు బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగాను. (పాత బండి ఉన్నవాళ్లు ఈ పని ఇప్పుడే చేసిపెట్టుకోండి.) అంతా అయ్యాక వాళ్ల మనిషి వచ్చి, బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, 13,500 అన్నాడు. లెక్క చెప్పమంటే చెప్పాడు: బ్యాటరీ లేనందుకు వెయ్యి, టోయింగ్‌కు 2,500, ‘నాన్ రన్నింగ్’ కాబట్టి 4 వేలు కోత.

బ్యాటరీ కోత న్యాయమే, అమ్ముకున్నది నేనే. టోయింగ్ కూడా ఒప్పుకుంటాను. కానీ నడవదు కాబట్టేగా టోయింగ్? అదే లోపానికి మళ్లీ 4 వేలేమిటి? నడిచే ఇంజనైతే స్పేర్‌గా అమ్ముకుంటామన్నాడు. సరే బాబూ, నడవదని తెలిసే కదా మీరు 21 వేలు చెప్పింది! దీనికి జవాబు లేదు.

మర్నాడు నా ఖర్చుతోనే టోయింగ్ బండి పిలిపించి కారును లారీలు తూచే ధర్మకాంటా మీదికి ఎక్కించాను. కారుతో ఒకసారి, కారు దించి ఒకసారి. తేడా 690 కిలోలు. అందులో అంతా ఇనుము కాదని నాకూ తెలుసు. మూడింట రెండొంతులు ఇనుమనుకున్నా 460 కిలోలు. ఆ వారం కుషాయిగూడలో తుక్కు ఇనుము కిలో 26 రూపాయలు పలికింది, అంటే ఒక్క ఇనుముకే 11,960. గేర్‌బాక్స్ అల్యూమినియం, ఆల్టర్నేటర్లో రాగి, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ వేరే. ఆ కన్వర్టర్లో ప్లాటినం జాతి లోహాలుంటాయి. కబాడీ అతను మొదటగా బండి కింద దూరి చూసింది దాన్నే. స్క్రాపింగ్ కేంద్రం మనిషి లెక్కలో దాని ఊసే లేదు.

కాటా చీటీ చేతిలో పెట్టి, టోయింగ్ కూడా నాదేననేసరికి ధర 18,500కు లేచింది. ఇచ్చేశాను. బండిని తుక్కుకు అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ వచ్చింది.

పాత కారుకు కొత్త కారు షోరూం ధరలో సుమారు 4 నుంచి 6 శాతం తుక్కు విలువ వస్తుందని 2021లో స్క్రాపేజ్ విధానం ప్రకటించినప్పుడు కేంద్ర ప్రభుత్వం చెప్పింది. 4 లక్షల కారైతే 16 వేల నుంచి 24 వేలు. ఆ అంకె నిజం కావాలంటే ప్రతి స్క్రాపింగ్ కేంద్రం గేటు దగ్గరా ఆ రోజు కిలో ధర బోర్డు మీద రాయించాలి, యజమాని కళ్ల ముందే తూకం వేయాలి, కోతలన్నీ విడివిడిగా కాగితం మీద ఇవ్వాలి. రవాణా శాఖకు ఇది పెద్ద పనేమీ కాదు.

మీకూ ఒక విన్నపం. రోజూ బంగారం, వెండి, కోడిగుడ్ల ధరలు వేస్తున్నారు. వాటి కింద తుక్కు ఇనుము కిలో ధర కూడా ఒక్క లైను వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టోర్స్ ఉద్యోగి,
కుషాయిగూడ, హైదరాబాద్