బోనం రోజు ఫోను

హైదరాబాదు,
ఆదివారం రాత్రి

ప్రియమైన రఘూ,

రెండు నెలలుగా నీ ఉత్తరానికి జవాబు రాయనందుకు మన్నించు. ఇంట్లో అందరం క్షేమం, చిన్నవాడు బడిలో చేరాడు, ఇల్లు మారలేదు. నీకు చెప్పవలసింది వేరే ఉంది.

సికింద్రాబాదులో లష్కర్ బోనాలనాడు అమ్మ మొక్కు తీర్చుకోవడానికి ఉజ్జయినీ మహంకాళి గుడికి వెళ్లాం. పసుపు, కుంకుమ, వేపమండలతో అలంకరించి, పైన దీపం వెలిగించిన బోనాన్ని నెత్తిన పెట్టుకొని అమ్మ వరుసలో నడుస్తూంటే, పడకుండా చూస్తూ పక్కన నడవవలసిన నేను, జేబులో ఫోను అదిరేసరికి ఆగిపోయాను. మరునాటి నివేదికలో ఒక అంకె సరిచూడమని మా మేనేజరు పంపిన సందేశం అది. సరిచూసి తలెత్తేసరికి అమ్మ కనబడలేదు. మొక్కు నేను లేకుండానే తీరిపోయింది. గుడి బయట నన్ను చూసి ఆమె కోప్పడలేదు.

"మీ నాయన కార్ఖానా గేటు కాడనే ఆగేది. నీ కార్ఖానా బోనం దాకా ఒచ్చింది బిడ్డా," అంది.

ఆజామాబాద్‌లో సైరన్ మోగితే సైకిలెక్కి ఇంటికొచ్చిన నాన్న, మరునాడు మళ్లీ మోగేదాకా మా మనిషే. నాకు ఆ సైరన్ లేదు. ఆ రాత్రి ఫోనును బీరువాలో పెట్టి పడుకున్నా ఖాళీ జేబు రెండుసార్లు అదిరినట్లనిపించింది రఘూ! సందేశం వచ్చినందుకు కాదు, వస్తుందేమోనని కాచుకొని ఉన్నందుకే నా నిద్ర చెడుతోందని అప్పుడు తెలిసింది. పదింటికి దీపాలార్పించే మన హాస్టలు వార్డెను గుడ్లగూబగారి కట్టె చప్పుడు ఇప్పుడు వినాలని ఉంది.

పనివేళల తర్వాత ఫోనుకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టంలో పెట్టుకున్నాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. అందుకని నేనే సోమవారం మేనేజరు దగ్గరకు వెళ్లి, రాత్రి ఎనిమిది దాటాక వచ్చిన సందేశాలకు ఉదయమే జవాబిస్తానని, నిజంగా అత్యవసరమైతే కాల్ చేయమని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, తనకూ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని...

అమ్మ అన్నానికి పిలుస్తోంది, ఇది రెండోసారి. వెళ్తున్నాను.

నీ
శ్రీను